డ్యూటీలో ఉండగా ఖరీదైన పార్శిల్ వస్తే? తిరుపతి వాళ్లకు పండగ సీజన్ జాగ్రత్తలు

తిరుమలలో బ్రహ్మోత్సవాలు, ఫోన్లలో పండగ సేల్స్ చాలా ఏళ్లుగా దాదాపు ఒకే రోజుల్లో వస్తున్నాయి. గరుడ సేవ దగ్గర పడితే అలిపిరి వైపు బళ్లను మళ్లిస్తారు, ఊరంతా యాత్రికులే. అదే వారంలో డెలివరీ అబ్బాయి బండి మీద మూట రెండింతలవుతుంది. దసరా అయ్యాక దీపావళి, దీపావళి వెనకే ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అంటే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా మన ఊళ్లో పార్శిళ్లకు గడ్డుకాలమే. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి ఇంటికి తాళం వేసుకునే కుటుంబాలు ఫోనో, ల్యాప్‌టాపో, వెండి సామానో ఆర్డర్ పెట్టే ముందే, ఆ పెట్టె ఎవరి చేతికి రావాలో తేల్చుకోవాలి. పెట్టె గేటు దగ్గరికి వచ్చాక తేల్చుకుంటే ఏమవుతుందో చూడండి.

పొద్దున పదకొండున్నరకు ఫోన్ వస్తుంది. "అన్నా, మీ ఇంటి ముందరున్నా. తాళమేసుంది. ఓటీపీ చెప్తే పక్కింట్లో ఇచ్చేసి పోతానన్నా." మీరు మీటింగులో ఉంటారు, లేదా వార్డులో, లేదా క్లాసులో. పక్కింట్లో అంటే ఎవరింట్లోనో అడిగే తీరిక ఉండదు. అంకెలు గబగబా చెప్పేస్తారు. ఆ క్షణం నుంచి కంపెనీ లెక్కలో ఆ వస్తువు మీ చేతికి అందినట్టే. సాయంత్రం పెట్టె విప్పితే లోపల సబ్బు ఉన్నా, అసలు పెట్టే కనబడకపోయినా, "ఓటీపీ మీరే ఇచ్చారు కదా సార్" అన్న మాటకు జవాబు దొరకదు. ఆ అబ్బాయి మీద అనుమానపడమని కాదు. ఎక్కువమంది నిజాయితీగా, ఎండలో వానలో నానా తిప్పలు పడి పనిచేసేవాళ్లే. కానీ ఓటీపీ అనేది సంతకం లాంటిది. పెట్టెను కళ్లతో చూడని మనిషి అది చెప్పకూడదు. చెప్పాల్సి వస్తే, పెట్టె మీరు నమ్మిన మనిషి చేతిలోకి వెళ్లి, ఆ మనిషి మీకు ఫోన్‌లో "వచ్చింది, సీల్ బాగుంది" అన్నాకే చెప్పాలి.

ఇంకో చిక్కు షిఫ్టు ఉద్యోగాలది. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వని ఫ్యాక్టరీల్లో చేసేవాళ్లకు, కొండ మీద డ్యూటీ పడినవాళ్లకు, ఆపరేషన్ థియేటర్లో ఉండే నర్సులకు ఆ ఫోనే అందదు. మూడుసార్లు రింగయి ఆగిపోతే "కస్టమర్ అందుబాటులో లేరు" అని పార్శిల్ వెనక్కి పోతుంది. ఇలాంటివాళ్లు ఆర్డర్‌లో తమ నంబరు కాకుండా, పగలు ఫోన్ ఎత్తగలిగే ఇంటి మనిషి నంబరు ఇవ్వడం మేలు. అయితే చాలా యాప్‌లలో ఓటీపీ మాత్రం అకౌంటు ఉన్న నంబరుకో యాప్‌లోకో వస్తుంది. కాబట్టి డ్యూటీకి వెళ్లే ముందే యాప్ తెరిచి చూసుకుని, వచ్చి ఉంటే ఇంట్లోవాళ్లకు రాసిచ్చి వెళ్లాలి.

ఆఫీసు అడ్రస్ ఇవ్వొచ్చా?

ఫోన్, వాచీ, చిన్న ల్యాప్‌టాప్ లాంటివాటికి నా ఓటు ఆఫీసుకే. పగలు మీరు ఉండేది అక్కడే, మీ చేతికే వస్తుంది, పెట్టె చూసుకునే ఓటీపీ చెప్తారు. కానీ ముందు రెండు సంగతులు కనుక్కోండి. మొదటిది, మీ సెక్యూరిటీ వాళ్లు సొంత పార్శిళ్లు తీసుకుంటారా? కొన్నిచోట్ల తీసుకోరు, తీసుకున్నా రిజిస్టర్‌లో రాయరు. రాయని చోట పెట్టె గేటు దగ్గర వదిలేయించుకోవడం కంటే మీరే రెండు నిమిషాలు బయటికి వచ్చి తీసుకోవడం నయం. రెండోది ఫ్యాక్టరీల వాళ్లకు. కొత్త ఎలక్ట్రానిక్ వస్తువు లోపలికి తీసుకెళ్తే సాయంత్రం బయటికి తేవడానికి గేట్ పాస్ అడుగుతారు. రేణిగుంట, కరకంబాడి, శ్రీసిటీ వైపు పనిచేసేవాళ్లకు ఈ బాధ తెలుసు. పెట్టెను లోపలికి తీసుకుపోకుండా గేటు దగ్గరే రిజిస్టర్‌లో రాయించి, అక్కడే భద్రంగా ఉంచమని అడగండి, ఇంటికి వెళ్లేటప్పుడు తీసుకోండి.

యాప్‌లో ఆ అడ్రస్‌ని "ఆఫీస్" అని గుర్తు పెట్టడం మరిచిపోకండి. "హోమ్" అని ఉంటే ఆదివారం కూడా తెచ్చేస్తారు. ఆదివారం ఆఫీసు గేటు దగ్గర ఎవరు తీసుకుంటారు?

టీవీ, వాషింగ్ మెషీన్ లాంటి పెద్ద సరుకుకు ఆఫీసు పనికిరాదు. వాటికి వీక్లీ ఆఫ్ రోజు ఎంచుకోవడమే. చాలా యాప్‌లు పెద్ద సామానుకు తేదీ ఎంచుకోనిస్తాయి. రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, మీరు ఇంట్లో ఉన్న రోజే పెట్టుకోండి.

ఓనరమ్మ, వాచ్‌మన్, పక్కింటివాళ్లు

మన ఊళ్లో ఎక్కువగా నడిచేది ఇదే. కింద పోర్షన్లో ఓనరమ్మ ఉంటారు, "అమ్మా, ఈ రోజు ఒక పార్శిల్ వస్తుంది, తీసిపెట్టండమ్మా" అంటే కాదనరు. చీరలు, పుస్తకాలు, వంటింటి సామాను వరకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఖరీదైన వస్తువైతే మాత్రం ముందు రోజే చెప్పండి. ఏ కంపెనీ నుంచి, ఎంత పెట్టె, డబ్బు కట్టేశామా లేదా అన్నది చీటీ మీద రాసిచ్చినా మంచిదే. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం పొరుగువాళ్ల మీద పెట్టకండి. "మీ అబ్బాయే ఆర్డర్ పెట్టాడు, పద్దెనిమిది వందలు ఇవ్వండి" అని ఎవరూ అడగని పార్శిల్ తెచ్చి పెద్దవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసే మోసం ఎక్కడైనా ఉన్నదే. ఇంట్లో అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటే వాళ్లకూ ఇదే మాట: మాతో ఫోన్‌లో మాట్లాడనిదే ఏ పార్శిల్‌కూ డబ్బు ఇవ్వొద్దు.

వాచ్‌మన్ విషయంలో నాకో అభ్యంతరం ఉంది. డెబ్బై ఎనభై వేల ఫోన్‌ని సెల్లార్‌లో ఒక గదిలో ఉండే కుటుంబం దగ్గర పెట్టించి, అది కాస్తా పోతే మొదటి వేలు వాళ్ల వైపే చూపిస్తాం. వాళ్ల నెల జీతానికి ఎన్నో రెట్ల వస్తువును, అడగా పెట్టకుండా, వాళ్ల బాధ్యత చేయడం అన్యాయం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒక రిజిస్టరూ, తాళం వేసే ఒక ఇనుప బీరువా అరా ఏర్పాటు చేస్తే అది వేరే మాట.

గుమ్మం ముందు వదిలి వెళ్లమనడం ఖరీదైన వస్తువుకు ఎప్పుడూ వద్దు. దొంగల సంగతి అటుంచండి, నవంబరు వానకు అట్టపెట్టె గంటలో అప్పడంలా మెత్తబడుతుంది. కొండ కింది వీధుల్లో అయితే కోతులు ఏ కవరు దొరికినా తినే వస్తువేననుకుని చింపి చూస్తాయి.

కౌంటర్‌కి వెళ్లి తెచ్చుకోవడం

పని చేసేవాళ్లకు అన్నిటికంటే భద్రమైన పద్ధతి ఇదే, ఎందుకో దీన్ని ఎక్కువమంది వాడుకోరు. కొన్ని యాప్‌లలో పికప్ పాయింట్ ఎంచుకోవచ్చు. మీ పిన్‌కోడ్ కొడితే దగ్గర్లో ఉన్నదీ లేనిదీ చూపిస్తుంది. పెద్ద ఎలక్ట్రానిక్ షోరూంలు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి షాపులో తీసుకునే వీలు ఇస్తున్నాయి, ఫోన్ కొనేవాళ్లకు పెట్టె అక్కడే విప్పి చూసుకునే లాభం కూడా ఉంది. ఇక బంగారం మాటకొస్తే, నా మట్టుకు కొరియర్‌లో తెప్పించుకోవడమే వద్దంటాను. ధన త్రయోదశికి ఆఫర్ ఎంత ఊరించినా షాపుకే వెళ్లి, హాల్‌మార్కు చూసుకుని, బిల్లుతో పాటు చేతిలో తెచ్చుకోండి.

కొరియర్‌లో వచ్చే వస్తువు ట్రాకింగ్‌లో తిరుపతి చేరిందని చూపించగానే బ్రాంచికి ఫోన్ చేసి "బయటికి పంపకండి, నేనే వచ్చి తీసుకుంటా" అంటే చాలాచోట్ల ఆపి ఉంచుతారు. బ్రాంచి ఎన్ని గంటలకు మూస్తారో అడగండి, ఒరిజినల్ గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. బంధువులు పంపే సామానుకు ఆర్టీసీ కార్గో ఉంది, బస్టాండులో కౌంటర్ దగ్గర మీ చేతికే ఇస్తారు, డ్యూటీ దిగి ఇంటికి వస్తూ తీసుకోవచ్చు. ఎవరు పంపినా, ఏ దారిలో పంపినా, వస్తువు విలువ రసీదు మీద రాయించమనండి, బీమా ఉంటే కట్టమనండి. బీమా లేని రసీదు మీద పోయిన వస్తువుకు పరిహారం ఎంతలోపో సాధారణంగా చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివితే గుండె జారుతుంది.

పాస్‌పోర్టు, బ్యాంకు కార్డులు, చెక్కుబుక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్ల వంటివి చాలావరకు స్పీడ్ పోస్టులో వస్తాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి పంపేవాళ్లు 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ కడితే చిరునామాదారుకో అతను రాసిచ్చిన మనిషికో మాత్రమే ఇచ్చే రిజిస్ట్రేషన్ సదుపాయం ఉంది. ఓటీపీ చెప్తేనే ఇచ్చే పద్ధతికీ అంతే రుసుము. సర్టిఫికెట్ పంపే కాలేజీ వాళ్లను ఆ రెండిట్లో ఒకటి పెట్టమని అడగడానికి మొహమాటం దేనికి? ట్రాకింగ్ నంబరు రెండు అక్షరాలతో మొదలై, తొమ్మిది అంకెల తర్వాత ఐఎన్ అని ముగుస్తుంది. అది తీసుకుని మీ డెలివరీ పోస్టాఫీసులో పోస్ట్‌మన్ బయల్దేరక ముందే, పొద్దున్నే వెళ్లి అడిగితే అక్కడే గుర్తింపు కార్డు చూసి ఇస్తారు. పాస్‌పోర్టు మాత్రం దరఖాస్తుదారు చేతికే ఇస్తారు కాబట్టి, అది వచ్చే రోజుల్లో పొద్దున పూట సెలవు పెట్టుకోవడమో, పోస్టాఫీసుకు వెళ్లడమో తప్పదు.

అడ్రస్ సంగతి ఒకటి. తిరుపతిలో ప్రతి రెండో అపార్ట్‌మెంట్ పేరు శ్రీనివాసమో, బాలాజీయో, పద్మావతో అయి ఉంటుంది. పద్మావతి నగర్ వేరు, పద్మావతి పురం వేరు. పిన్‌కోడ్ 517501, 517502, 517507 దగ్గర చివరి అంకె తప్పితే పార్శిల్ ఊరి రెండో చివరకు పోయి తిరిగొస్తుంది. తిరిగే ప్రతి రోజూ ఆ పెట్టె మీద ఇంకో చెయ్యి పడుతుంది. ఇంటి నంబరు, వీధి, దగ్గర్లోని బడో గుడో పెట్రోల్ బంకో, అన్నీ రాయండి.

చేతికి వచ్చాక

టేపు మీద టేపు వేసి ఉన్నా, మూల నలిగినా, బరువు తేడాగా అనిపించినా ఓటీపీ చెప్పకండి, వద్దని వెనక్కి పంపండి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే డెలివరీ అబ్బాయి తొందరపెట్టినా అతని ముందే విప్పించండి. లేకపోతే విప్పేటప్పుడు వీడియో తీయండి. లేబుల్ కనిపించేలా, పెట్టె ఆరు వైపులా చూపించి, కట్ చేయకుండా వస్తువు బయటికి వచ్చేదాకా ఒకే వీడియో. ఫోన్ అయితే *#06# కొడితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. పెట్టె మీదా, బిల్లు మీదా అదే నంబరు ఉందో లేదో సరిచూడండి. కేవైఎం (KYM) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే ఆ హ్యాండ్‌సెట్ వివరాలు వస్తాయి. అవి మీ ఫోన్‌వేనా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. పెట్టె పారేసే ముందు పేరు, ఫోన్ నంబరు ఉన్న లేబుల్ చింపేయండి.

ఈ సీజన్‌లో పార్శిల్ కంటే పార్శిల్ పేరుతో వచ్చే ఫోన్లే ఎక్కువ ప్రమాదం. "అడ్రస్ సరిగా లేదు, ఈ లింకులో సరిచేయండి" అని పోస్టాఫీసు పేరుతో మెసేజ్ వస్తే తెరవకండి. "కొరియర్ వాడికి మీ ఫోన్ కలవడం లేదు, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు వేయండి" అంటే అది మీ కాల్స్‌ని వాళ్ల ఫోన్‌కి మళ్లించే ఎత్తు. బ్యాంకు ఓటీపీ కాల్స్ కూడా వాళ్లకే పోతాయి. పొరపాటున కొట్టి ఉంటే ##002# డయల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రాని వస్తువుకు "డెలివర్డ్" అని మెసేజ్ వస్తే సాయంత్రం దాకా ఆగకండి. ముందు ఓనరమ్మనీ వాచ్‌మన్‌నీ కనుక్కుని, వెంటనే యాప్‌లో ఫిర్యాదు పెట్టి, ఎవరి చేతికిచ్చారో ఆధారం చూపించమనండి. ఎదురింటి సీసీ కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది, ఆ రోజే అడిగి తీసుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. తేలకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

వస్తువు నచ్చక రిటర్న్ పెట్టినప్పుడు కూడా ఇవే తిప్పలు. పికప్ వీక్లీ ఆఫ్ రోజుకు పెట్టుకోండి. ఫోన్ రిటర్న్ చేస్తుంటే సిమ్ తీసి, రీసెట్ చేసి, ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీసి, "పికప్ అయింది" అన్న మెసేజ్ మీ ఫోన్‌కి వచ్చాకే పెట్టె చేతికివ్వండి. ఆ మెసేజ్‌ని డబ్బు బ్యాంకులో పడేదాకా డిలీట్ చేయకండి.