అక్టోబర్ రాకముందే ఆసుపత్రిలో చేయించాల్సిన పనులు

2014 అక్టోబర్ 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు నేను పనిచేసే ఆసుపత్రిలో ఒక్క పిల్లర్‌కీ బీట రాలేదు. కానీ అద్దాలు పగిలి వార్డుల్లోకి వాన కొట్టింది. ఫాల్స్ సీలింగ్ ఊడిపడింది. రోగుల మంచాలన్నీ కారిడార్‌లోకి లాగాం. తర్వాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, బంకుల దగ్గర డీజిల్ కోసం బారులు. భవనం గట్టిగా ఉన్నంత మాత్రాన ఆసుపత్రి నడవదని ఆ రోజుల్లోనే నాకు తెలిసొచ్చింది.

మొదట జనరేటర్ చూడండి. 2015 డిసెంబర్ చెన్నై వరదల్లో ఒక పెద్ద ఆసుపత్రిలో జనరేటర్లు మునిగి కరెంటు పోయింది, ఐసీయూలో ఉన్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూశాం. మీ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పాతవాళ్లను అడిగి గోడ మీద గీత గీయండి. జనరేటర్ ఒక్కటే ఆ గీతకు పైన ఉంటే సరిపోదు. మెయిన్ ప్యానెల్, డీజిల్ పంపు, యూపీఎస్ బ్యాటరీలు, ఆక్సిజన్ మానిఫోల్డ్ (సిలిండర్లను పైపులైన్‌కు కలిపే చోటు), నీళ్ల మోటారు స్టార్టర్, వీటిలో ఏది కింద ఉండిపోయినా మిగతావన్నీ పనికిరాకుండా పోతాయి. ఐసీయూ సిబ్బందికి ముందే చెప్పి, ఆంబు బ్యాగులు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచులు) చేతికందేలా పెట్టుకుని, ఒక ఉదయం మెయిన్ ఆపి జనరేటర్‌ను అసలు లోడు మీద రెండు గంటలు నడపండి. లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి ఆపేయడం పరీక్ష కాదు.

ఇక్కడే ఒక చిక్కుంది. వరద భయంతో జనరేటర్‌ను మేడ మీదికి ఎక్కిస్తే ఆ బరువు భూకంపంలో భవనానికి ముప్పు. ఖాళీ నీళ్ల ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, నిండా ఉంటే స్లాబుకు భారం. గాలికి భయపడి కిటికీలన్నీ బిగించేస్తే అగ్నిప్రమాదంలో పొగ బయటికి పోదు. అందుకే ఏ మార్పు చేసినా స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించండి. కాంట్రాక్టర్ మాట మీద చేయొద్దు.

భూకంపం మనకు రాదనుకోకండి. 1967లో ఒంగోలు కంపించింది. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చింది, హైదరాబాద్ దాకా తెలిసింది. 2001లో భుజ్‌లో ప్రభుత్వ ఆసుపత్రే కూలిపోతే, కొత్తదాన్ని నేల కుదుపు పైకి అంతగా పాకకుండా ఆపే సీసం, రబ్బరు బేరింగుల మీద కట్టారు. మనం అంత చేయలేకపోవచ్చు. కింద పార్కింగ్ వదిలి పిల్లర్ల మీద లేపిన పాత భవనమైతే, ఆ పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ కాంక్రీటు లేదా ఉక్కు తొడుగు వేసి గట్టిపరచడం) అవసరమా అని మాత్రం తప్పక అడగండి. మందుల ర్యాకులను గోడకు బోల్టులతో బిగించడం, ఆక్సిజన్ సిలిండర్లకు పైనా కిందా రెండు గొలుసులు వేయడం ఒక్కరోజు పని.

మేడ మీద వానగొట్టాలు శుభ్రం చేయించండి. బోర్డులు, సోలార్ ప్యానెళ్లు, ఏసీల బయటి యూనిట్ల క్లాంపులు బిగించండి. మెట్ల కింద పడేసిన పాత మంచాలు తీసేయండి. లిఫ్టు ఆగితే రోగిని దించాల్సిన దారి అదే.

తుఫాను హెచ్చరిక రాగానే డయాలసిస్ రోగులకు ఫోన్ చేసి, ఒకరోజు ముందే రమ్మనండి. నెలలు నిండిన గర్భిణులను కూడా ముందే చేర్చుకోండి. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోతే వాళ్లు రాలేరు.