కడుపు ఉబ్బరం తగ్గించే ఆహారం, పానీయాలు

భోజనం తర్వాత పొట్ట బిగుసుకుపోయి, నడుము దగ్గర బట్ట పట్టేసినట్టు అనిపిస్తే, ముందుగా అల్లాన్ని ఆశ్రయించడం మంచిది. అది జీర్ణాశయంలోని ఆహారం త్వరగా కిందికి కదలడానికి తోడ్పడుతుంది. చిన్న ముక్కను సన్నగా తరిగి, కప్పు నీటిలో 5 నుంచి 10 నిమిషాలు మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా గుక్క గుక్కగా తాగాలి. గటగటా తాగితే నీటితో పాటు గాలి కూడా లోపలికి పోతుంది. పుదీనా పేగుల కండరాలను సడలించగలదు గానీ, ఛాతీలో మంట ఉన్నవారికి పడకపోవచ్చు. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు ఇబ్బంది కలిగించదు, ఎందుకంటే అందులోని బ్యాక్టీరియా పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను కొంతవరకు విచ్ఛిన్నం చేస్తుంది. సోడా తాగాక త్రేన్పు వస్తే ఉబ్బరం తగ్గిందనుకోవడం భ్రమ. బయటికి వచ్చేది చాలావరకు ఆ సోడాలోని వాయువే. మలబద్ధకం వల్ల ఉబ్బరం వస్తుంటే పీచు పదార్థాలను, నీటితో పాటు, రోజూ కొద్దికొద్దిగా పెంచాలి. వారాల తరబడి తగ్గకపోయినా, అకారణంగా బరువు తగ్గుతున్నా వైద్యుణ్ణి సంప్రదించాలి.