పాత బీఎన్‌సీ కార్డుకి కొత్త రౌటర్
విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో విండోస్ 98 పీసీ ఇంకా బతికే ఉంది. దాని నెట్‌వర్క్ కార్డుకి ఉన్నది గుండ్రటి బీఎన్‌సీ పోర్టు ఒక్కటే. అలాంటి పీసీని ఇప్పటి రౌటర్‌కి కలపాలంటే బీఎన్‌సీ, ఆర్‌జే45 (ఇప్పటి మామూలు నెట్‌వర్క్ పోర్టు) రెండూ ఉన్న పాత 10 ఎంబీపీఎస్ హబ్ (కేబుళ్లని కలిపే పెట్టె) సంపాదించండి. పీసీకీ హబ్‌కీ మధ్య కేబుల్ 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 రకం కావాలి. టీవీ కేబుల్ 75 ఓమ్‌లది, చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ పనికిరాదు.

టీ కనెక్టర్‌ని నేరుగా కార్డుకే తగిలించి, లైను రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు (సిగ్నల్ వెనక్కి రాకుండా ఆపే మూతలు) బిగించండి. ఒక్కటి ఊడినా లైనంతా పడుకుంటుంది. మన సముద్రపు గాలికి కనెక్టర్లు చిలుము పడతాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అన్నీ ఆఫ్ చేసి మల్టీమీటర్‌తో లైను రెసిస్టెన్స్ కొలిస్తే సుమారు 25 ఓమ్‌లు చూపించాలి; 50 చూపిస్తే ఒక టెర్మినేటర్ పోయినట్టే.

హబ్ నుంచి రౌటర్ గిగాబిట్ పోర్టుకి మామూలు ప్యాచ్ కేబుల్ చాలు. 2.5 గిగాబిట్ పోర్టులు కొన్ని 10 ఎంబీపీఎస్‌ని అసలు పట్టించుకోవు. ఫైళ్లు పంపుకోవడానికి ఎఫ్‌టీపీ (ఫైళ్ల బదిలీ పద్ధతి) వాడండి. బ్యాంకు పనులు మాత్రం ఈ పీసీలో వద్దే వద్దు.