టెక్సస్‌లో లాన్ తగ్గించాలంటే: హెచ్‌ఓఏ అర్జీ నుంచి డ్రిప్ దాకా

టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 202.007 సెక్షన్ ప్రకారం, కరువును తట్టుకునే మొక్కలు గానీ తక్కువ నీళ్లతో బతికే సహజమైన గడ్డి గానీ వేసుకుంటామంటే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇంటి యజమానుల సంఘం, వద్దనడానికి లేదు. 2013లో వచ్చిన సవరణ ఇది. కానీ అదే సెక్షన్ హెచ్‌ఓఏకి రెండు పగ్గాలు ఇచ్చింది. ముందుగా వివరమైన ప్లాన్ అడగొచ్చు. కంకర, రాళ్లు, కాక్టస్‌ల మీద సొంత నిబంధనలు పెట్టొచ్చు. అర్జీలు ఎక్కువగా తిరిగొచ్చేది ఈ రెండింటి దగ్గరే. ప్లాస్టిక్ గడ్డి ఆలోచన ఉంటే మాత్రం ఈ సెక్షన్‌ను నమ్ముకోకండి, అందులో సహజమైన గడ్డి అనే రాసి ఉంది.

ముందు మీ డీడ్ రెస్ట్రిక్షన్లు (ఇంటి దస్తావేజుకు ముడిపడిన కాలనీ నిబంధనలు), డిజైన్ గైడ్‌లైన్లు తీసి మూడు విషయాలు వెతకండి: ముందు వైపు ఎంత శాతం గడ్డి ఉండాలన్నారు, రాళ్లకు పరిమితి ఎంత, అర్జీకి జవాబు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి. గడువులోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనని కొన్ని చోట్ల ఉంటుంది, కాదన్నట్టేనని మరికొన్ని చోట్ల. ఇది చూసుకోకుండా పార పట్టొద్దు.

ప్లాన్ గీయడానికి డిజైనర్ అక్కర్లేదు. ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్ కాగితాల్లో వచ్చిన సర్వే ప్లాట్ (స్థలం హద్దులు, కొలతల పటం) కాపీ మీద, అంగుళానికి 10 అడుగుల లెక్కన గీస్తే చాలు. ఇల్లు, డ్రైవ్‌వే, చెట్లు, ఈజ్‌మెంట్లు (పైపులు, లైన్ల కోసం ఇతరులకు హక్కున్న స్థలం), వాన నీరు ఎటు పారుతుందో చూపే బాణాలు, ఉంచే గడ్డి, తీసే గడ్డి చదరపు అడుగుల్లో వేయండి. మొక్కల పట్టికలో పేరు, సంఖ్య, కుండీ సైజు, పూర్తిగా పెరిగాక ఎత్తు, వెడల్పు రాయండి. హెచ్‌ఓఏలో అర్జీలు చూసే కమిటీ ముందుగా చూసేది ఈ చివరి రెండు గడులనే. కిటికీ కింద ఆరడుగుల పొద పెరుగుతుందా, మూల మీద కార్లకు అడ్డొస్తుందా అని వాళ్ల భయం. అర్జీలో 'జీరిస్కేప్' (తక్కువ నీళ్ల తోట) అని రాయకండి. చాలామందికి ఆ మాట వినగానే రాళ్లగుట్టే కళ్లముందు మెదులుతుంది. 'స్థానిక మొక్కల మడి, మల్చ్, స్టీల్ అంచు' అంటే సరిపోతుంది. మల్చ్ అంటే మట్టిపై పరిచే చెక్క పొట్టు లాంటి కప్పు.

మొక్కల్లో డ్వార్ఫ్ యౌపాన్ హాలీ, టెక్సస్ సేజ్, శాల్వియా గ్రెగీ, గల్ఫ్ మ్యూలీ గడ్డి నమ్మకమైనవి. నీడ ఉన్నచోట టర్క్స్ క్యాప్. రెడ్ యక్కా కూడా బాగుంటుంది గానీ పేరు చూసి కాక్టస్ అనుకునేవాళ్లున్నారు. అది కాక్టస్ జాతి కాదని పట్టికలోనే ఒక ముక్క రాసేయండి.

హెచ్‌ఓఏ కాదంటే కారణమేంటో, ఏం మారిస్తే ఒప్పుకుంటారో రాతపూర్వకంగా చెప్పాలని 209.00505 సెక్షన్ అంటుంది. ఆ నోటీసు పోస్టు చేసిన తేదీ నుంచి 30 రోజుల్లోపు బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు. నలభై లేదా అంతకన్నా తక్కువ ప్లాట్లున్న చిన్న కాలనీలకు ఇది వర్తించదు.

నాటడానికి అక్టోబరు, నవంబరు మంచివి. అందుకని అర్జీ జులైకల్లా వెళ్లాలి. గడ్డి చంపడానికే రెండు నెలలు పడుతుంది మరి. అక్కడ బెర్ముడా అని పిలిచేది మన గరికే. ఒక్క కణుపు మట్టిలో మిగిలినా మళ్లీ లేస్తుంది, కాబట్టి దాన్ని టిల్లర్‌తో దున్నడమంటే చేజేతులా నాటుకోవడమే. కార్డ్‌బోర్డ్ పరిచినా పక్కనుంచి పాకి వస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడేట్టయితే గడ్డి పచ్చగా, పెరుగుతూ ఉండాలి. ఎండి గోధుమ రంగులో ఉన్న గరిక మందు పీల్చదు. ముందు వారం పది రోజులు నీళ్లు పెట్టి, పచ్చబడ్డాక కొట్టి, రెండు మూడు వారాలకు మళ్లీ చిగురిస్తే మళ్లీ కొట్టండి. ఆ రోజుల్లో ముంగిలి చచ్చిన గడ్డితో వికారంగా కనిపిస్తుంది, ఉల్లంఘన నోటీసులొచ్చేది అప్పుడే. కాబట్టి పని మొదలు, ముగింపు తేదీలు అర్జీలోనే రాయండి. తవ్వే ముందు, కనీసం రెండు పనిదినాలు ఉండగా 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లకు ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడికి అన్నదమ్ముల వరస. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. లాన్ తీసి గోడ దాకా రాళ్లు పోసి నీళ్లు పూర్తిగా కట్టేస్తే ఇంటి పునాది స్లాబు ఒకవైపు కుంగవచ్చు. పునాది నుంచి ఒకటిన్నర అడుగు దూరంలో ఒక డ్రిప్ వరస తప్పకుండా ఉంచండి. మట్టి, మల్చ్ కలిపినా ఇటుక కింది గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు, చెదలకు అదే దారి.

స్ప్రే జోన్‌ను (ఒకే వాల్వ్ మీద స్ప్రింక్లర్లు నడిచే భాగం) డ్రిప్‌గా మార్చేటప్పుడు వాల్వ్ దగ్గర ఫిల్టర్, నీటి ఒత్తిడిని 25 నుంచి 30 పీఎస్‌ఐకి తగ్గించే రెగ్యులేటర్ బిగించి, మిగతా హెడ్లకు మూతలు వేయాలి. ఒకే జోన్‌లో స్ప్రే, డ్రిప్ కలిపితే గడ్డికి సరిపడా సమయంలో మొక్కకు చుక్క కూడా సరిగా అందదు. రేగడికి గంటకు 0.6 గాలన్ల ఎమిటర్లు (నీళ్లు చుక్కలుగా వదిలే రంధ్రాలు), 18 అంగుళాల దూరం, వరసల మధ్య కూడా అంతే. ఆ లెక్కన గంటకు అర అంగుళం లోపే నీరు పడుతుంది. అయినా మట్టి పైన నిలుస్తుంటే అరగంట పెట్టి, గంట ఆపి, మళ్లీ అరగంట పెట్టండి. సొంత ఇంట్లో మీరే చేసుకోవచ్చు. డబ్బిచ్చి చేయిస్తే మాత్రం రాష్ట్ర లైసెన్సున్న ఇరిగేటర్ కావాలి. పర్మిట్ సంగతి సిటీని అడగండి.

మల్చ్ మూడంగుళాలు. 500 చదరపు అడుగులకు 125 ఘనపుటడుగులు, అంటే రెండు ఘనపుటడుగుల సంచులు 63. కాండానికి తగలనివ్వొద్దు. కింద వీడ్ ఫ్యాబ్రిక్ (కలుపు రాకుండా పరిచే గుడ్డ) దండగ. మల్చ్ కుళ్లి మట్టయ్యాక గరిక దానిపైనే వేళ్లూనుతుంది, పీకితే గుడ్డతో సహా లేస్తుంది.

కరువును తట్టుకునే మొక్క కూడా మొదటి వేసవిలో నీళ్లు అడుగుతుంది. మల్చ్ పక్కకు జరిపి పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. ఆరంగుళాలు సులువుగా దిగితే ఆ వారానికి డ్రిప్ తిప్పక్కర్లేదు.