షట్‌డౌన్ కొడితే ల్యాప్‌టాప్ ఆగట్లేదా? రెండో గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ సంగతి చూడండి

ఉబుంటు గానీ లైనక్స్ మింట్ గానీ వేశారు, వైఫై వచ్చింది, సౌండ్ వచ్చింది, అంతా బాగానే నడుస్తోంది, కానీ షట్‌డౌన్ కొడితే మాత్రం స్క్రీన్ నల్లబడి అక్కడే ఉండిపోతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, పవర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, క్యాప్స్ లాక్ నొక్కినా దాని లైటు మారదు. రీస్టార్ట్ కొట్టినా ఇదే కథ. చివరికి పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపాల్సి వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్‌విడియా కార్డు కూడా ఉంటే, మొదట అనుమానించాల్సింది ఆ రెండో కార్డు డ్రైవర్‌నే. ర్యామ్ మార్చడం, హార్డ్ డిస్క్ మార్చడం, మదర్‌బోర్డు పోయిందేమోనని టెన్షన్ పడటం ఇప్పుడే వద్దు. ఓఎస్ మళ్లీ మొదటి నుంచి వేయడం అసలే వద్దు, ఎందుకంటే మళ్లీ వేసినా అదే డ్రైవర్ వస్తుంది, అదే చోట బిగుసుకుపోతుంది.

ముందు డేటా జాగ్రత్త

సమస్య తేలేదాకా రోజూ పవర్ బటన్ పట్టుకుని ఆపడం అలవాటు చేసుకోకండి, డిస్క్‌లోకి రాయాల్సింది ఇంకా ఏదైనా మిగిలి ఉంటే అది పోతుంది. స్క్రీన్ బిగుసుకుపోయినప్పుడు ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ పట్టుకుని, ఎస్, యూ, బీ అనే మూడు కీలను ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగుతూ నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి). ఎస్ అంటే మిగిలిన డేటా డిస్క్‌లోకి రాసేయడం, యూ అంటే డిస్క్‌ని ఇక రాయడానికి వీల్లేకుండా చేయడం, బీ అంటే డ్రైవర్ల జోలికి పోకుండా నేరుగా రీస్టార్ట్. ఉబుంటులో ఈ మూడింటికీ మొదటి నుంచే అనుమతి ఉంటుంది. రీస్టార్ట్ అయ్యి కంపెనీ లోగో కనిపించగానే అప్పుడు పవర్ బటన్ పట్టుకుని ఆపేయండి, ఆ సమయానికి డిస్క్‌లో ఏ పనీ జరగదు కాబట్టి భయం లేదు.

చివరి లైన్ చదవండి

షట్‌డౌన్ కొట్టగానే ఎస్కేప్ కీ నొక్కండి. లోగో పోయి వెనక జరుగుతున్న అక్షరాలు కనిపిస్తాయి. ఏ లైన్ దగ్గర ఆగిందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది.

"ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని కనిపించి పక్కన సెకన్లు లెక్కపెడుతుంటే, అది గ్రాఫిక్స్ సమస్య కాదు. ఏదో ఒక ప్రోగ్రాం ఆగనంటోంది, మామూలుగా ఒకటిన్నర నిమిషం చూసి సిస్టమే దాన్ని బలవంతంగా ఆపేస్తుంది. ఆ లైన్‌లో ప్రోగ్రాం పేరు కూడా ఉంటుంది, దాని సంగతి చూసుకుంటే సరిపోతుంది.

"రీచ్డ్ టార్గెట్" అంటూ పవర్ ఆఫ్ అనో షట్‌డౌన్ అనో వచ్చి అక్కడే నిలబడిపోయిందా? కాసేపటికి "సాఫ్ట్ లాకప్, సీపీయూ స్టక్ ఫర్ 22 సెకన్స్" లాంటి లైన్లు పడుతున్నాయా, లేదా నోవో (ఎన్‌విడియా కార్డుకి లైనక్స్‌తో పాటే వచ్చే ఓపెన్ సోర్స్ డ్రైవర్) పేరు కనిపిస్తోందా? అయితే మీరు సరైన చోటికే వచ్చారు, ఇది మన సమస్యే.

"రీబూట్: పవర్ డౌన్" అనే మాట దాకా వచ్చి, ఆ తర్వాత కూడా లైటు వెలుగుతూనే ఉంటే సంగతి వేరు. ఆ మాట పడేది డ్రైవర్లన్నింటినీ ఆపేసిన తర్వాతే. అంటే లైనక్స్ తన పని పూర్తిచేసింది, కరెంటు ఆపాల్సిన బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఆపలేదు. అప్పుడు బయోస్ అప్‌డేట్ చూడాలి, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి లాభం ఉండదు.

ఇంకొకటి, "వాచ్‌డాగ్ డిడ్ నాట్ స్టాప్" అనే లైన్ చూసి చాలామంది దాని వెంటే పడి రోజులు పోగొట్టుకుంటారు. బాగా ఆగే ల్యాప్‌టాప్‌లలో కూడా అది పడుతుంది, వదిలేయండి.

అసలు ఎందుకు బిగుసుకుపోతుంది

రెండు గ్రాఫిక్స్‌లనూ అవసరాన్ని బట్టి మార్చి వాడే ఎన్‌విడియా ఆప్టిమస్ పద్ధతి 2010లో వచ్చింది. అప్పటి నుంచి ఇలాంటి చాలా ల్యాప్‌టాప్‌లలో పద్ధతి ఇదీ: స్క్రీన్‌కి బొమ్మ పంపే పని ఇంటెల్‌ది, గేమో వీడియో ఎడిటింగో లాంటి బరువైన పని వచ్చినప్పుడే ఎన్‌విడియా లేస్తుంది, పని లేనప్పుడు బ్యాటరీ మిగలడానికి దానికి కరెంటు ఆపేస్తారు. మీరు బ్రౌజర్, ఆఫీసు ఫైళ్లతోనే రోజంతా గడిపితే ఆ కార్డు దాదాపు రోజంతా నిద్రలోనే ఉంటుంది. షట్‌డౌన్ కొట్టినప్పుడు కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లైనక్స్ మూల భాగం) ప్రతి పరికరాన్నీ పద్ధతిగా ఆపుకుంటూ వస్తుంది, అందులో నిద్రలో ఉన్న పీసీఐ పరికరం (గ్రాఫిక్స్ కార్డులా మదర్‌బోర్డుకి కలిసేది) ఏదైనా ఉంటే ముందు దాన్ని లేపి ఆ తర్వాతే ఆపుతుంది. చిక్కంతా ఆ లేపడంలోనే ఉంది. కార్డుకి కరెంటు తిరిగి ఇచ్చే కోడ్ బయోస్‌లో, పరికరాల కరెంటు సంగతి చూసే ఏసీపీఐ అనే భాగంలో ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ కోడ్ కార్డుతో లింకు కలిసేదాకా చూస్తూనే ఉంటుంది, ఎంతసేపు చూడాలన్న హద్దు అందులో రాయలేదు. లింకు కలవదు, చూడటం ఆగదు, ల్యాప్‌టాప్ బిగుసుకుపోతుంది.

అందుకే ఈ రోగం ఒక్క షట్‌డౌన్‌లోనే కనిపించాలని లేదు. టెర్మినల్‌లో పీసీఐ పరికరాల జాబితా చూపించే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే మొత్తం సిస్టమ్ బిగుసుకుపోవడం దీనికి బలమైన గుర్తు, ఎందుకంటే ఆ కమాండ్ కూడా కార్డుని లేపుతుంది. సస్పెండ్ చేసినప్పుడు తిరిగి లేవకపోవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

నిర్ధారించుకునే పరీక్ష

దేన్నీ శాశ్వతంగా మార్చకుండా ఒక్కసారికి పరీక్ష చేయొచ్చు. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎస్కేప్ (పాత బయోస్ అయితే షిఫ్ట్) నొక్కితే గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్‌తో బూట్ చేయాలో అడిగేది) వస్తుంది. మొదటి లైన్ మీద ఉండి "ఈ" నొక్కండి. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే పొడవాటి లైన్ ఉంటుంది, దాని చివర క్వయెట్ స్ప్లాష్ అని ఉంటుంది. అక్కడ ఒక ఖాళీ ఇచ్చి నోవో డ్రైవర్ పేరు (ఎన్, ఓ, యూ, వీ, ఈ, ఏ, యూ), వెంటనే చుక్క, ఆ తర్వాత రన్‌పీఎం, ఈక్వల్ గుర్తు, 0 రాయండి, మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు, అన్నీ చిన్న అక్షరాలే. ఎఫ్10 నొక్కితే బూట్ అవుతుంది. దీని అర్థం ఒక్కటే: నోవో, నువ్వు ఆ కార్డుని నిద్రపుచ్చకు. ఓ పది నిమిషాలు వాడి షట్‌డౌన్ కొట్టండి. చక్కగా ఆగిపోతే కారణం దొరికినట్టే.

అలా కూడా ఆగకపోతే అదే చోట రన్‌పీఎంకి బదులు మోడ్‌సెట్ అని రాసి 0 పెట్టండి, ఈసారి నోవో డ్రైవర్ అసలు పనిలోకే దిగదు. చాలామంది నేరుగా నోమోడ్‌సెట్ పెట్టేస్తారు, అది కూడా నోవోని ఆపుతుంది గానీ దాంతో పాటు ఇంటెల్ డ్రైవర్‌ని కూడా ఆపేస్తుంది, స్క్రీన్ రిజల్యూషన్ తగ్గుతుంది, బ్రైట్‌నెస్ మారదు. అసలు స్క్రీనే రానప్పుడు లోపలికి వెళ్లడానికి అది పనికొస్తుంది, రోజూ వాడుకోవడానికి కాదు.

పరిష్కారం

ముందు బయోస్, కెర్నెల్ రెండూ అప్‌డేట్ చేయండి. ఇంటెల్ వైపు కొన్ని పీసీఐ బ్రిడ్జిలతో (కార్డుని ప్రాసెసర్‌తో కలిపే భాగాలతో) నోవో కార్డుని లేపలేకపోయే సమస్యకి 2020లో వచ్చిన 5.7 కెర్నెల్‌లో ఒక సవరణ చేరింది. మీ దగ్గర అంతకంటే పాతది నడుస్తుంటే అప్‌డేట్‌తోనే పని అయిపోవచ్చు. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద కెర్నెల్స్ కనిపిస్తాయి. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంటుంది: నిన్నటిదాకా బాగా ఆగి, అప్‌డేట్ తర్వాతే మొదలైతే గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడండి.

ఆ తర్వాత ఎన్‌విడియా సొంత డ్రైవర్. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, రికమెండెడ్ అని ఉన్నది ఎంచుకోండి. ఎన్‌విడియా సైట్ నుంచి ఫైల్ దించుకుని వేయడం కంటే ఇదే మేలు, కెర్నెల్ మారినప్పుడల్లా ఇది తనంతట తానే సర్దుకుంటుంది. ఇక్కడ చాలామంది జారిపోయే చోటు సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే బయోస్ సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ అవ్వగానే నీలం రంగు స్క్రీన్ వస్తుంది, అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. అదేదో తెలియక కంటిన్యూ బూట్ కొట్టేస్తే డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది కానీ లోడ్ అవ్వదు, మీరేమో డ్రైవర్ వేసినా లాభం లేదనుకుంటారు.

పాత కార్డుల వాళ్లు ఒకటి గమనించండి, ప్రతి కార్డుకీ కొత్త డ్రైవర్ పనిచేయదు. ఎన్‌విడియా పాత కార్డుల తరాల్లో ఫెర్మీకి 390 వెర్షన్ డ్రైవర్ చివరిది, కెప్లర్‌కి 470, మ్యాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకి 580. ఫెర్మీ కార్డుకి కొత్త డిస్ట్రోలో (కొత్త ఉబుంటు, మింట్ లాంటి వాటిలో) డ్రైవర్ దొరక్కపోతే కుస్తీ పట్టకండి, పైన చెప్పిన రన్‌పీఎం పద్ధతినే శాశ్వతం చేసుకోండి. ఈటీసీ కింద డిఫాల్ట్ అనే ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని సుడోతో (అడ్మిన్ అధికారంతో) తెరిచి, క్వయెట్ స్ప్లాష్ ఉన్న కొటేషన్ల లోపలే ఆ మాట చేర్చి, సేవ్ చేసి, టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. కార్డు ఎప్పుడూ మేలుకునే ఉంటుంది కాబట్టి బ్యాటరీ కొంచెం త్వరగా అయిపోతుంది, వేడి కూడా ఎక్కువే. ఎప్పుడూ చార్జర్‌కి పెట్టే వాడే ల్యాప్‌టాప్ అయితే అది పెద్ద నష్టం కాదు.

ఎన్‌విడియా డ్రైవర్ పడ్డాక కూడా బిగుసుకుపోతోందనుకోండి. ఎన్‌విడియా సెట్టింగ్స్‌లో ఏ కార్డు వాడాలో ఎంచుకునే ప్రైమ్ ప్రొఫైల్స్ ఉంటాయి, ఆన్ డిమాండ్ బదులు పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టి రీస్టార్ట్ చేసి చూడండి. పెర్ఫార్మెన్స్‌లో బాగా ఆగి, పవర్ సేవింగ్‌లో మాత్రమే బిగుసుకుంటే మళ్లీ నిద్ర నుంచి లేపే సమస్యే.

చివరి అస్త్రం ఏసీపీఐ పారామీటర్లు (రన్‌పీఎం లాగే బూట్ లైన్‌లో చేర్చే మాటలు), ముఖ్యంగా 2015 నుంచి 2017 మధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌లకి. బయోస్ "నువ్వు ఏ విండోస్?" అని అడుగుతుంది, లైనక్స్ కొత్త విండోస్‌లన్నింటికీ అవునని చెబుతుంది, దాంతో బయోస్ కొత్త పద్ధతిలో కరెంటు ఆపుతుంది, చిక్కు వస్తుంది. ఏసీపీఐ అండర్‌స్కోర్ ఓఎస్ఐ అనే పారామీటర్‌తో ముందు ఆశ్చర్యార్థకం పెట్టి అన్నింటినీ కొట్టేసి, మళ్లీ అదే పారామీటర్‌తో విండోస్ 2009 అని, అంటే విండోస్ 7 అని చెప్పిస్తారు. పనిచేస్తుంది, కానీ టచ్‌ప్యాడ్ లాంటివి దెబ్బతినొచ్చు. అందుకే చివర్లో చెప్తున్నాను. ఎక్కడో చూసి ఐదారు పారామీటర్లు ఒకేసారి పెట్టేయకండి, ఏది పనిచేసిందో ఏది పాడుచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒకటి పెట్టండి, చూడండి, పనిచేయకపోతే తీసేసి ఇంకొకటి.

ఏఎండీ కార్డు ఉంటే, విండోస్ అయితే

ఇంటెల్‌తో పాటు ఏఎండీ వాళ్ల రేడియాన్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లలో లైనక్స్‌లో ఇదే పరీక్ష, నోవో స్థానంలో పాత కార్డుకి రేడియాన్, కొత్తదానికి ఏఎండీజీపీయూ అని రాస్తారు, అంతే తేడా.

విండోస్‌లో అయితే ముందు షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగదు, షిఫ్ట్‌తో పూర్తిగా ఆగుతుంది. అలా ఆగిపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఆగకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండో కార్డుని డిసేబుల్ చేసి (అన్‌ఇన్‌స్టాల్ కాదు) మళ్లీ చూడండి. ఇప్పుడు ఆగితే దోషి దొరికింది. ఈమధ్యే డ్రైవర్ అప్‌డేట్ అయి ఉంటే రోల్ బ్యాక్ చేయండి, లేదంటే నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో రెండు డ్రైవర్లనూ తుడిచేసి, మీ మోడల్ నంబర్‌కి ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఇచ్చిన ఇంటెల్ డ్రైవర్ ముందు, రెండో కార్డుది తర్వాత వేయండి. ఆ ఫైళ్లు తుడిచేయడానికి ముందే దించుకుని పెట్టుకోండి. నెట్ మాత్రం రెండూ పడి, ఒకసారి రీస్టార్ట్ అయ్యాకే కలపండి, లేకపోతే మధ్యలో విండోస్ అప్‌డేట్ దూరి తన దగ్గరున్న డ్రైవర్ వేసేస్తుంది.