చేతిసంచిలో పట్టే విమాన రిసీవరు మొరాయిస్తే

విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని 1090 మెగాహెర్ట్జ్ మీద ఏడీఎస్-బీ సందేశాలుగా సెకనుకు సుమారు రెండుసార్లు ప్రసారం చేస్తుంటాయి. వాటిని పట్టుకోవడానికి రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు (కింద దీన్నే 'పై' అంటాను), దానికి తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న రేడియో డాంగిల్, చిన్న యాంటెన్నా, ఒక పవర్ బ్యాంకు సరిపోతాయి. అయితే కర్నూలులో మిద్దె మీద వారం రోజులు సవ్యంగా పనిచేసిన పెట్టె, ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లగానే మూగబోతుంది. నేను చూసినంతవరకు అలాంటప్పుడు తప్పు రేడియోలో ఉండటం అరుదు. కరెంటులోనో, వైరు చివరనో ఉంటుంది. కాబట్టి సాఫ్ట్‌వేరును తుడిచి మళ్లీ ఎక్కించే పని అన్నిటికంటే చివరికి పెట్టుకోవాలి.

పెట్టె తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది

కారణం దాదాపు ఎప్పుడూ వోల్టేజి పడిపోవడమే. పవర్ బ్యాంకు మీద 5 వోల్టులు అని ఉన్నా, ఫోన్ ఛార్జింగుకు ఇచ్చే సన్నని తీగలో కొంత పోయి, పై దగ్గరికి చేరేసరికి 4.63 వోల్టుల కంటే తగ్గితే బోర్డు దాన్ని కరెంటు కొరతగా గుర్తిస్తుంది. డాంగిల్ ఒక్కటే 300 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుందని మరవకూడదు. బోర్డు కరెంటు స్థితిని తెలిపే 'గెట్ థ్రాటిల్డ్' ఆదేశం ఇచ్చినప్పుడు 50005 అని వస్తే కొరత ఆ క్షణంలోనే ఉందని, 50000 అని వస్తే ఇప్పుడు బాగానే ఉన్నా బూట్ అయిన తర్వాత ఎప్పుడో వచ్చి పోయిందని అర్థం. అర అడుగు పొడవున్న మందపాటి కేబులు వాడితే చాలావరకు సమస్య తీరుతుంది; పై 3కి 2.5 ఆంపియర్లు, పై 4కి 3 ఆంపియర్లు ఇవ్వగల బ్యాంకు కావాలి. కొన్ని పవర్ బ్యాంకులు ఛార్జరు తగిలించిన క్షణంలో, తీసిన క్షణంలో అవుట్‌పుట్‌ను రెప్పపాటు ఆపేస్తాయి కనుక, పెట్టె నడుస్తుండగా వాటిని ఛార్జ్ చేయకూడదు. ఇలా హఠాత్తుగా ఆగినప్పుడల్లా మెమరీ కార్డుకు ముప్పే, అందువల్ల బాగా పనిచేస్తున్న రోజునే కార్డుకు ఒక నకలు తీసి ఉంచుకోవడం మంచిది.

డాంగిల్ తగిలించినా ప్రోగ్రాము దాన్ని తెరవలేకపోతుంది

'క్లెయిమ్ ఇంటర్‌ఫేస్ ఎర్రర్ మైనస్ 6' అని కనిపిస్తే, లినక్స్ ఆ డాంగిల్‌ను టీవీ ట్యూనరుగా భావించి తన డీవీబీ డ్రైవరుకు అప్పగించిందన్నమాట, లేదా వెనుక మరో ప్రోగ్రాము దాన్ని పట్టుకుని ఉంది. డీవీబీ డ్రైవరును లినక్స్ వాడకుండా బ్లాక్‌లిస్ట్‌లో చేర్చి ఒకసారి రీబూట్ చేస్తే సరి. మైనస్ 3 వస్తే అది అనుమతుల సమస్య.

ఫోన్‌లో పేజీ తెరుచుకోదు, తెరుచుకున్నా పటం ఉండదు

విమానాల పటం ఉన్న పేజీని ఫోన్‌లో చూడటానికి, బయటికి వెళ్లినప్పుడు పై తానే వైఫై ఇచ్చేటట్లు అమర్చుకుంటాం. ఆ వైఫైలో ఇంటర్నెట్ లేదని గ్రహించిన ఫోన్ మనకు చెప్పకుండానే మొబైల్ డేటాకు మారిపోతుంది, దాంతో పేజీ తెరుచుకోదు. డేటాను ఆపి చూడాలి. విమానాల గుర్తులు కదులుతూ వెనుక పటం మాత్రం ఖాళీగా ఉంటే రిసీవరులో లోపమేమీ లేదు, పటం ముక్కలు ఇంటర్నెట్ నుంచి రావలసి ఉంది, అంతే. పెట్టెను స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించినవారికి వైఫై నాలుగడుగులకే ఆగిపోతుంది, ఎందుకంటే లోహం రేడియో తరంగాలను లోపలే కట్టేస్తుంది. ప్లాస్టిక్ డబ్బా వాడి, కర్నూలు మే నెల ఎండను దృష్టిలో పెట్టుకుని పక్కలకు రంధ్రాలు వేయాలి. 80 డిగ్రీల దగ్గర ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

ప్రోగ్రాము నడుస్తున్నా ఒక్క సందేశమూ రాదు

ఈ లక్షణంతో నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. యాంటెన్నా మర గట్టిగా బిగిసింది, వైరు ఎక్కడా తెగలేదు, అయినా లెక్క సున్నా దగ్గరే నిలిచింది. చివరికి ఫోన్ టార్చి వేసి కనెక్టరు లోపలికి చూస్తే, మధ్యలో ఉండవలసిన బంగారు రంగు సూది లేదు. దాని చోట చిన్న గుంట ఉంది. అది వైఫై రౌటర్లకు వాడే ఆర్‌పీ-ఎస్ఎంఏ రకం. డాంగిల్ వైపూ గుంటే, యాంటెన్నా వైపూ గుంటే. మరలు చక్కగా కలుస్తాయి గాని లోపల తీగకు తీగ తగలదు. అందువల్ల కొనేటప్పుడే మధ్య సూదిని కళ్లారా చూసి తీసుకోవాలి. ఆంప్లిఫయరు వాడేవారు మరొకటి గమనించాలి: దానికి కరెంటు అదే యాంటెన్నా వైరు గుండా, బయాస్-టీ అనే అమరిక ద్వారా వెళుతుంది. బయాస్-టీని ఆన్ చేయడం మరిచిపోతే ఆంప్లిఫయరు సిగ్నలును పెంచకపోగా దారికి అడ్డు పడుతుంది.

దగ్గరి విమానాలు మాత్రమే కనిపిస్తాయి

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే, కారణాలు కూడా అనేకం. మొదట యాంటెన్నా పొడవు చూడాలి. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 6.9 సెంటీమీటర్లు. డాంగిల్‌తో వచ్చే అయస్కాంతపు యాంటెన్నా సాధారణంగా టీవీ కోసం చేసినది కాబట్టి పొడవుగా ఉంటుంది, పుల్లను 6.9 దగ్గర కత్తిరించి, నిలువుగా నిలబెట్టాలి. దాని కింద లోహపు తలం కూడా తప్పనిసరి. మా ఇంట్లో జొన్నరొట్టెల ఇనుప పెనాన్ని బోర్లించి దాని మీద పెట్టగానే జాబితా రెట్టింపయింది. అల్యూమినియం మూత అయితే అయస్కాంతం అంటుకోదు, గాలికి యాంటెన్నా పడిపోతుంది. పెనం తిరిగి వంటగదికి చేరేలోపు ఒక ఇనుప రేకు సంపాదించుకోవడం ఇంటి శాంతికి మంచిది.

తర్వాత వైరు. ఈ పౌనఃపున్యంలో ఆర్‌జీ-174 అనే సన్న వైరు మీటరుకు సుమారు ఒక డెసిబెల్ మింగేస్తుంది, అంటే పది మీటర్ల వైరు చివర పదో వంతు శక్తి మాత్రమే మిగులుతుంది. కేబుల్ టీవీకి వాడే ఆర్‌జీ-6లో నష్టం దానికంటే చాలా తక్కువ. అది 75 ఓమ్‌ల వైరు, డాంగిల్ 50 ఓమ్‌లది అని భయపడేవారున్నారు గాని, ఆ తేడా వల్ల పోయేది 0.2 డెసిబెల్ లోపే. అంతకంటే మంచి మార్గం, వైరును కుదించి డాంగిల్‌నే యాంటెన్నా పక్కకు చేర్చడం.

ఇవన్నీ సరిగా ఉన్నా ఊళ్లో దూరం రాకుండా, ఊరు దాటి పొలాల్లోకి వెళ్లగానే వస్తే, దోషం పక్కింటి మిద్దె మీది సెల్ టవరుది. 900 మెగాహెర్ట్జ్ సిగ్నలు డాంగిల్‌ను చెవిటిదాన్ని చేస్తుంది. గెయిన్‌ను, అంటే డాంగిల్ సిగ్నలును పెంచే మోతాదును, గరిష్ఠమైన 49.6 డెసిబెల్స్ నుంచి మెట్టు మెట్టుగా తగ్గిస్తూ, ప్రతి మెట్టు దగ్గర పది నిమిషాలు సందేశాల లెక్క చూడాలి. తగ్గించినకొద్దీ లెక్క పెరిగితే టవరు సంగతి రుజువైనట్టే; అప్పుడు 1090 మెగాహెర్ట్జ్‌ను మాత్రమే లోపలికి వదిలే 'సా' ఫిల్టరు కొనడం దండగ కాదు.

జాబితాలో ఉన్నవి పటం మీద ఉండవు

స్థానం తేలాలంటే విమానం మార్చి మార్చి పంపే 'సరి', 'బేసి' అనే రకాల స్థాన సందేశాలు రెండూ పది సెకన్ల లోపు అందాలి. సిగ్నలు బలహీనమైతే ఒకటి అంది మరొకటి అందదు. రిసీవరు ఉన్న చోటును ప్రోగ్రాముకు తెలిపితే ఒక్క సందేశంతోనే లెక్క కుదురుతుంది, కర్నూలుకు 15.83 ఉత్తరం, 78.04 తూర్పు. పెట్టెను అనంతపురం తీసుకెళ్లినప్పుడు ఈ అంకెలు మార్చాలి. కొన్ని విమానాలు అసలు తమ స్థానాన్ని ప్రసారమే చేయవు, వాటికి మనం చేయగలిగింది లేదు.

విమానం దిగుతూ దిగుతూ మాయమవుతుంది

ఇది లోపం కాదు, భూమి వంపు. పది మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు 11,000 మీటర్ల ఎత్తున వెళ్లే విమానం, అడ్డంకులు లేకపోతే, 440 కిలోమీటర్ల దాకా కనిపించాలి. శంషాబాద్ విమానాశ్రయం కర్నూలుకు తిన్నగా 160 కిలోమీటర్లు; అక్కడ దిగే విమానం సుమారు 1,300 మీటర్ల కంటే కిందికి రాగానే మనకు కనుమరుగవుతుంది. కడపలో దక్షిణాన పాలకొండలు అడ్డు కనుక, అటువైపు తక్కువ ఎత్తులో వెళ్లేవి ఇంకా ముందే పోతాయి. అక్కడ ఆంప్లిఫయరు కొనడం కంటే యాంటెన్నాను వాటర్ ట్యాంకు మీదికి ఎక్కించడం మేలు.