రౌటర్ మీద చెయ్యి వేసే ముందు

నెట్ ఆగిపోగానే చాలామంది మొదట చేసే పని రౌటర్ స్విచ్ ఆపి మళ్లీ వేయడం. ఒక్క నిమిషం ఆగండి. చాలా ఇళ్లలో వాడే రౌటర్ల లాగ్ (ఎప్పుడు ఏం జరిగిందో రౌటర్ రాసుకునే చిట్టా) తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది. కరెంటు తీయగానే చెరిగిపోతుంది, నెట్ ఎందుకు పోయిందో చెప్పే ఆధారం దానితోనే పోతుంది.

• ముందు లైట్లు చూడండి. ఎల్ఓఎస్ (LOS) అని రాసి ఉన్న దగ్గర ఎర్ర లైటు ఉంటే ఫైబర్‌లో సిగ్నల్ రావడం లేదని అర్థం. సెట్టింగులు ఎంత కెలికినా లాభం లేదు. ఫైబర్ వైరు కొసలోకి మాత్రం చూడకండి. ఆ లేజర్ వెలుతురు కంటికి కనబడదు, హాని చేయగలదు.

• బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి (మీ రౌటర్ అడ్రస్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది) సిస్టమ్ లాగ్ సేవ్ చేసుకోండి. తేదీ 1970 జనవరి 1 అని కనిపిస్తే టెన్షన్ పడకండి, రౌటర్‌కు ఇంకా సరైన టైమ్ అందలేదంతే.

• రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీస్టార్ట్ అంటే ఆపి మళ్లీ వేయడమే, రీసెట్ అంటే సెట్టింగులన్నీ చెరిపేయడం. పిన్నుతో నొక్కే ఆ చిన్న రీసెట్ రంధ్రం నేనొక ఆదివారం తొందరపడి నొక్కేశాను. పీపీపీఓఈ (నెట్ కంపెనీకి కనెక్ట్ అయ్యే లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ పోయాయి, మర్నాటి దాకా ఇంట్లో నెట్ లేదు. కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) బ్యాకప్ తీసి, ఆ రెండూ కాగితం మీద రాసుకున్నాకే నొక్కండి.

• ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వైఫై మీద వద్దు, కేబుల్ పెట్టి చేయండి. మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిపోవాలి. కరెంటు కోతల వేళ అసలు మొదలుపెట్టకండి.

• లాగ్ ఎవరికైనా పంపాలంటే పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ అడ్రస్), మ్యాక్ అడ్రస్‌లు (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్లు) చెరిపేసి పంపండి.